వాన పడితే మూగబోయే ఫోను

మా అమ్మకి వినికిడి తక్కువ. సెల్‌ఫోన్‌లో మాట సగమే అందుతుంది. పాత ల్యాండ్‌లైన్ రిసీవర్ చెవికి ఆనించుకుంటే మాత్రం అవతలివాళ్లు ఏమన్నారో నన్ను అడగకుండానే అర్థమవుతుంది. నా ఆఫీసు పని నడిచే ఇంటర్నెట్ కూడా అదే రాగి తీగ మీద వస్తుంది. అందుకే ఆ లైను పాడైనప్పుడు ఇద్దరం ఒకేసారి ఇబ్బంది పడ్డాం. బాగయ్యేసరికి మూడు నెలలు పట్టింది.

తొలి వానలతో మొదలైంది. రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ వెనక కాలే పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చిటపట. మర్నాటికి గరగర ఎంత పెరిగిందంటే అమ్మ రిసీవర్ పెట్టేసింది. కంప్లెయింట్ ఇచ్చాను. నాలుగు రోజులకి మనిషి వచ్చేసరికి ఎండ కాసి లైను శుభ్రంగా ఉంది. పరీక్ష చేసి, "ఫాల్ట్ ఏమీ లేదమ్మా" అని రాసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ వాన, మళ్లీ గరగర, మళ్లీ కంప్లెయింట్, మళ్లీ ఎండ. ఇలా మూడుసార్లు. నేను అబద్ధం చెబుతున్నానని అనుకుంటున్నారేమో అని బాధేసేది.

మూడోసారి తర్వాత ముందు మా ఇంట్లో తప్పు లేదని తేల్చుకున్నాను. లోపలి వైర్లు, మోడెమ్, రెండో ఫోను అన్నీ తీసేసి, బయటి తీగ ఇంట్లోకి వచ్చే మొదటి సాకెట్‌కి మామూలు ఫోను ఒక్కటి తగిలించాను. ఒక అంకె నొక్కితే డయల్ టోన్ ఆగుతుంది, ఆ కొద్ది క్షణాల నిశ్శబ్దంలో లైను అసలు స్థితి వినిపిస్తుంది. గరగర అలాగే ఉంది. అంటే తప్పు బయటే.

తర్వాత ఒక నోటుపుస్తకం పెట్టాను. వాన ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, గరగర ఎప్పుడొచ్చింది, మోడెమ్ పేజీలో నాయిస్ మార్జిన్ (ఇంటర్నెట్ నిలబడటానికి కావలసినదానికన్నా సిగ్నల్ గరగరకి ఎంత పైన ఉందో చెప్పే అంకె) ఎంత చూపిస్తోంది. పొడి రోజుల్లో 12 డెసిబెల్స్ దగ్గర ఉండే ఆ అంకె, ముసురు పట్టినప్పుడు 4కి, 3కి దిగిపోయేది. అక్కడితో ఇంటర్నెట్ తెగిపోయేది. నెల తిరిగేసరికి పుస్తకంలో మూడు సంగతులు తేలాయి. వాన మొదలవగానే ఏమీ కాదు, నాలుగైదు గంటలకి మొదలై, వెలిసినా ఇంకో రెండు రోజులు ఉంటుంది. ఒక్క చుక్క వాన లేకపోయినా, మంచు బాగా కురిసిన తెల్లవారుజామున కాస్త చిటపట వచ్చి, ఎండెక్కాక పోతుంది. ఇక ఫోను మోగినప్పుడల్లా ఇంటర్నెట్ పడిపోతుంది.

నాలుగోసారి వచ్చిన లైన్‌మ్యాన్ పెద్దాయన. ఆ రోజూ ఎండే. నాకు టెన్షన్, ఈయనా అదే మాట చెప్పి వెళ్లిపోతారేమోనని. "అన్నా, పరీక్ష చేసే ముందు ఒక్కసారి ఇది చూడండి" అని పుస్తకం చేతిలో పెట్టాను. అరుగు మీద కూర్చుని రెండు పేజీలూ పూర్తిగా చదివారు. "మంచుకి కూడా వస్తోందంటే భూమిలో కేబుల్ కాదమ్మా, పైనే ఎక్కడో ఉంది. ఫోను మోగితే నెట్ పోతోందంటే జాయింట్ సరిగా అంటుకోవట్లేదు" అన్నారు. మూడు నెలల్లో నా మాట మీద ఒకరు ఆలోచించడం అదే మొదటిసారి.

తీగ తొడుగులోంచి కరెంటు కారిపోతోందేమో కొలిచే మెగ్గర్ అనే మీటరు పెట్టి చూశారు. రెండు తీగల మధ్య, ఒక్కో తీగకీ భూమికీ మధ్య ఇన్సులేషన్ బాగానే చూపించింది. అప్పుడాయన చేసిన పని నేనింకా మర్చిపోలేదు. సీసాతో నీళ్లు అడిగి, నిచ్చెన ఎక్కి, స్తంభం నుంచి వచ్చే తీగ మా గోడకి బిగించిన క్లాంపు మీద సన్నగా ధార పోయడం మొదలుపెట్టారు. నన్ను లోపల రిసీవర్ పట్టుకోమన్నారు. రెండు నిమిషాలు నిశ్శబ్దం. తర్వాత ఒక్క చిటుకు. కాసేపటికి అదే చిటపట! "వచ్చింది!" అని అరిచాను. మెగ్గర్ ముల్లు కూడా పడిపోయింది.

కత్తిరించి కిందకి తెచ్చి చూపించారు. క్లాంపు దగ్గర తీగ నల్లటి తొడుగు జానెడు మేర నెర్రెలు విచ్చింది. ఎండలకి పెళుసెక్కి, గాలికి తీగ ఊగినప్పుడల్లా అక్కడే వంగి వంగి చీలిందట. నీళ్లు ఆ చీలికలోంచి తొడుగు లోపలే జారి కింది జాయింట్‌లో చేరుతున్నాయి. నాలుగైదు గంటల ఆలస్యం అందుకే. మెలితిప్పి టేపు చుట్టిన ఆ పాత జాయింట్ విప్పితే రాగి కొనలు పచ్చగా చిలుము పట్టి, గోటితో గీకితే పొడి రాలాయి. లైను మీద ఎప్పుడూ 48 వోల్టుల డీసీ ఉంటుంది. దానికి తడి తోడైతే లోహం తినుకుపోతుంది. ఎక్స్ఛేంజ్‌లో బ్యాటరీ పాజిటివ్ వైపుని భూమికి కలపడం కూడా ఈ తినుకుపోవడాన్ని తగ్గించడానికేనని ఆయనే చెప్పారు. నేను వానని తిట్టుకున్నాను గానీ, తీగని చీల్చింది అంతకుముందు వేసవి.

వానాకాలంలో ఇంత ఆలస్యం ఎందుకని కోపంగానే అడిగాను. ఒక పెద్ద కేబుల్ తడిస్తే వందల లైన్లు పోతాయి, ముందు దాన్ని చూడాలి. మ్యాన్‌హోల్ నిండితే నీళ్లు తోడి, లోపల గ్యాస్ లేదని చూసుకున్నాకే దిగాలి. వాన పడుతుండగా జాయింట్ విప్పితే తడి ఇంకా లోపలికి పోతుంది, ఉరుముతుంటే స్తంభం ఎక్కకూడదు. ఆయన ఒక్కొక్కటీ ఓపిగ్గా చెబుతుంటే నా కోపం తగ్గింది. కాకపోతే పొడి రోజున పరీక్షించి కంప్లెయింట్ మూసేయడం మాత్రం ఇప్పటికీ తప్పనే అంటాను. వానకి వచ్చే ఫాల్ట్ ఎండలో దొరకదు. కనీసం వాతావరణం ఎలా ఉన్నప్పుడు వస్తోందని అడగాలి కదా.

క్లాంపు నుంచి స్తంభం దాకా తీగ మొత్తం మార్చారు. కొత్త జాయింట్‌కి జెల్ నింపిన కనెక్టర్లు నొక్కారు. తీగ గోడలోకి దూరే ముందు కిందకి చిన్న వంపు ఇచ్చారు, నీటి చుక్క లోపలికి పాకకుండా ఆ వంపులోంచే రాలిపోవడానికి. వెళ్తూ వెళ్తూ, పిడుగులు పడేటప్పుడు మోడెమ్ తీగలు పీకేయమనీ, వైరున్న ఫోను పట్టుకోవద్దనీ అమ్మకి వినబడేలా గట్టిగా చెప్పారు.

ఫైబర్‌కి మారిపోవచ్చు కదా అని చాలామంది అన్నారు. గాజులో వెలుగుని తడి ఇలా పాడుచేయదు, నిజమే. కానీ కరెంటు పోతే ఇంట్లో ఫైబర్ పెట్టె ఆగిపోతుంది. మా పాత ఫోనుకి కరెంటు ఎక్స్ఛేంజ్ బ్యాటరీల నుంచి తీగ మీదే వస్తుంది. గాలివాన రాత్రి అమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు నాకు కావలసింది అదే. అందుకే ప్రస్తుతానికి రాగినే ఉంచుకున్నాను.

పది రోజులకి పెద్ద వాన పడింది. సాయంత్రం నుంచి రాత్రి దాకా గంటకోసారి రిసీవర్ ఎత్తి విన్నాను. పడుకునే ముందు పుస్తకంలో రాశాను: వాన, ఆరు గంటలు. గరగర లేదు. మార్జిన్ 12. పక్క గదిలో అమ్మ అప్పటికి అరగంటగా పిన్నితో ఫోన్లో మాట్లాడుతూనే ఉంది.