కరోనా ఫార్వర్డ్‌లు, మా ఫ్యామిలీ గ్రూప్, నేను

2020 మార్చిలో మా ఫ్యామిలీ గ్రూప్‌లోకి యునిసెఫ్ పేరుతో ఒక మెసేజ్ వచ్చింది. వైరస్ సైజు పెద్దదట, 400 నుంచి 500 మైక్రోలట (మైక్రాన్లని వాళ్ల ఉద్దేశం), కాబట్టి ఏ మాస్క్ అయినా ఆపేస్తుందట. 26, 27 డిగ్రీల వేడి తగిలితే చచ్చిపోతుందట, అందుకని వేడినీళ్లు తాగాలట, ఎండలో నిలబడాలట. పంపింది మా మామయ్య. ఇంట్లో అందరి ఆరోగ్యం గురించి ఆరా తీసే మనిషి. మా మంచి కోరే పంపారు. ఇలాంటి మెసేజ్‌లు ఎక్కువగా మన మంచి కోరేవాళ్ల దగ్గర్నుంచే వస్తాయి కాబట్టి కొట్టిపారేయడం అంత కష్టం.

ముందు యునిసెఫ్ వెబ్‌సైట్ చూశాను. అది తమ మెసేజ్ కాదని వాళ్లే ప్రకటించారు. నాకు అది చాలు, కానీ "వాళ్లు కాదన్నారు" అంటే మామయ్యకు సరిపోదు. అందుకే మెసేజ్‌లోని అంకెలనే పట్టుకున్నాను. 400 మైక్రాన్లంటే 0.4 మిల్లీమీటర్లు. అంత ఉంటే వైరస్ ఇసుక రేణువులా కంటికి కనపడాలి. నిజానికి అది సుమారు 0.1 మైక్రాన్ ఉంటుంది, అంటే మెసేజ్‌లో చెప్పినదానికంటే కొన్ని వేల రెట్లు చిన్నది.

గ్రూప్‌లో ఏమీ రాయలేదు. పెద్దాయన్ని పిల్లల ముందు తప్పుబడితే ఆయన దృష్టంతా పరువు మీదకే పోతుంది, వైరస్ సంగతి పక్కన పడుతుంది. ఫోన్ చేశాను.

"మామయ్యా, మన ఒంటి వేడి ఎంతుంటుందండీ?"

"98.6."

"అది ఫారెన్‌హీట్‌లో. సెల్సియస్‌లో 37. మరి 26కే చచ్చిపోయేది మన ఒంట్లో ఎలా బతుకుతోంది?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఏం చెయ్యమంటావమ్మా?" అన్నారు.

ఆ ప్రశ్నతో నాకు విషయం అర్థమైంది. చేతిలో ఏదో ఒక ఉపాయం ఉండాలన్న ఆరాటంతోనే ఆ మెసేజ్ పంపారు. "అది అబద్ధం" అని చెప్పి ఫోన్ పెట్టేస్తే ఆయన భయం అలాగే ఉండిపోతుంది, దానికి రేపు ఇంకో మెసేజ్ దొరుకుతుంది. అందుకని చేతులు సబ్బుతో కడుక్కోవడం, జనానికి దూరంగా ఉండటం, కిటికీలు తెరిచి ఉంచడం, ఊపిరి ఆడకపోతే వెంటనే డాక్టర్‌ని సంప్రదించడం గురించి మాట్లాడుకున్నాం. గ్రూప్‌లో సవరణ ఆయనే పెట్టారు, తన మాటల్లో.

వేడినీళ్లు తాగితే నష్టమేముంది, వదిలేయొచ్చు కదా అని కొందరు నన్నడిగారు. వేడినీళ్లతో ఆగితే సరే. అదే ఏడాది ఇరాన్‌లో ఆల్కహాల్ తాగితే కరోనా రాదన్న ప్రచారం నమ్మి, మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన కల్తీ సరుకు తాగి వందల మంది చనిపోయారు. పది సెకన్లు దగ్గకుండా ఊపిరి బిగబట్టగలిగితే కరోనా లేనట్టే అన్న మెసేజ్ కూడా నాకు భయం పుట్టించింది. వ్యాధి సోకినవాళ్లు చాలామంది అలా బిగబట్టగలరు. బాగానే ఉన్నామనుకుని పదిమందిలోకి వెళ్తారు.

రాను రాను మెసేజ్ చూడగానే కొన్ని గుర్తులు దొరికేవి. తేదీ ఉండదు. "ప్రముఖ డాక్టర్" అంటారు, పేరుండదు. పేరుంటే ఆ డాక్టర్ ఆ మాట అన్నట్టు ఇంకెక్కడా దొరకదు. చివర్లో "వెంటనే అందరికీ పంపండి" అని ఉంటుంది. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుంటే అది చాలా చేతులు మారిందని అర్థం. అలాంటివాటిని ఒకసారి ఒక చాట్‌కే పంపగలిగేలా 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ పరిమితి పెట్టింది. నాకది మంచి పని అనిపించింది.

అన్నిటికంటే కష్టమైంది మాస్క్‌ల విషయం. మామూలు జనం గుడ్డ మాస్క్ పెట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 2020 జూన్ 5న. అంతకుముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అవసరం లేదన్నట్టే మాట్లాడింది. "నిన్న వద్దన్నారు, ఇవాళ పెట్టుకోమంటున్నారు. వీళ్లనా నమ్మేది?" అన్నారు మామయ్య. ఆ కోపంలో న్యాయం ఉంది. మాట మారిందని ఒప్పుకున్నాను. లక్షణాలు లేనివాళ్ల నుంచి కూడా సోకుతోందని ఆధారాలు పెరిగాకే మారిందని చెప్పాను. కరోనాకు వాడి చూసిన మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక మే 22న అచ్చువేసిన పరిశోధన సంగతి కూడా చెప్పాను. అందులోని డేటాను సరిచూసుకునే వీల్లేకపోవడంతో జూన్ 4న దాన్ని వెనక్కి తీసుకున్నారు. "తప్పు తేలితే వాళ్లు తేదీతో సహా చెబుతారు మామయ్యా. మనకొచ్చే ఫార్వర్డ్‌లలో ఒక్కటైనా అలా వెనక్కి వెళ్లిందా?" అన్నాను.

వ్యాక్సిన్లొచ్చాక పిన్ని ఒక వీడియో పంపింది. ఆసుపత్రిలో చేరినవాళ్లలో టీకా వేసుకున్నవాళ్లే ఎక్కువట. కాగితం మీద ఊహకి ఒక లెక్క వేసి చూపించాను. వందమందిలో 90 మంది టీకా వేసుకున్నారు, 10 మంది వేసుకోలేదు. ఆసుపత్రిలో చేరింది వేసుకున్నవాళ్లు 9 మంది, వేసుకోనివాళ్లు 5 మంది. తొమ్మిదే ఎక్కువ. కానీ వేసుకున్నవాళ్లలో పదిమందికి ఒకరు చేరితే, వేసుకోనివాళ్లలో ఇద్దరికి ఒకరు చేరారు. పిన్ని కాగితం చాలాసేపు చూసి, "ఇదంతా సరే, నాకు షుగరుంది కదా" అంది. అసలు టెన్షన్ అది. వీడియో దానికి ఒక సాకు. ఇద్దరం కూర్చుని ఆమె డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నలు రాసుకున్నాం. ఆయనతో మాట్లాడాక టీకా వేయించుకుంది.

మా పెదనాన్న కొడుకు దగ్గర మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయలేదు. డాక్టర్లు, పత్రికలు, ప్రభుత్వాలు అందరూ ఒకటేనని అన్నయ్య గట్టిగా నమ్మాడు. అన్నయ్యతో మాటలు మానలేదు. ఇప్పటికీ ఏదైనా తప్పుడు సంగతి పంపితే విడిగా రాస్తాను. ఎవరైనా అది చదివి వాడుతున్న మందు ఆపేస్తారనిపిస్తే మాత్రం గ్రూప్‌లోనే జవాబిస్తాను, నిజం మొదటి వాక్యంలో పెట్టి, ఒక్కసారే.