ఐదున్నర క్లాసు

మన పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు కోరారు. మెస్సు గురించీ బీచ్ రోడ్డు గురించీ మిగిలినవారు ఎలాగూ రాస్తారు కనుక, సాయంత్రం ఐదున్నరకు మాస్టారు మనకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పిన ‘ఐదున్నర క్లాసు’ గురించే నేను రాస్తాను.

వాల్తేరులో ఎమ్మెస్సీకి చేరిన మనలో చాలామందిమి డిగ్రీ వరకు తెలుగు మీడియంలో చదివినవాళ్లమే. ఇంగ్లీషు పుస్తకం అర్థమయ్యేది, పరీక్ష రాయడమూ వచ్చేది. సెమినార్ నాడు బోర్డు దగ్గర నిలబడితే మాత్రం గొంతు పెగిలేది కాదు. చెప్పదలచినదాన్ని ముందు తెలుగులో పేర్చుకుని, చివరనున్న క్రియను మధ్యకు తెచ్చుకుని, కాలం సరిచూసుకునేసరికి చర్చ మరోచోటికి వెళ్లిపోయేది. తప్పు మాట్లాడితే కాన్వెంట్ బ్యాచ్ నవ్వుతుందని ఒక భయం. బాగా మాట్లాడితే ‘వీడికి స్టైలెక్కువైంది’ అని మన హాస్టల్ బ్లాకువాళ్లే అంటారని ఇంకో భయం. నా దృష్టిలో ఈ రెండోదే పెద్దది.

మాస్టారిది మన డిపార్ట్‌మెంటు కాదు, ఆ క్లాసు టైంటేబుల్లోనూ లేదు. మొదట్లో ఆయన ఎవరినీ లేపి మాట్లాడమనలేదు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరి ఊరి సంగతులు మరొకరిని అడగమని, ఇంగ్లీషు మాట అందకపోతే తెలుగు మాటే వేసి ముందుకు సాగమనేవారు. మధ్యలో ఆపి దిద్దడం ఆయన పద్ధతి కాదు. దొర్లిన తప్పులను చిన్న పుస్తకంలో రాసుకుని, మర్నాడు ఎవరివో చెప్పకుండా బోర్డు మీద వేసి అందరిచేతా దిద్దించేవారు. ఊరి పేరుతో మనం పిలిచే సహపాఠి ‘హిరమండలం’, గొట్టా బ్యారేజీ దగ్గర వంశధార వరద గురించి చెప్పిన సాయంత్రం, కాన్వెంట్ బ్యాచ్ నవ్వలేదు సరికదా, ప్రశ్న మీద ప్రశ్న వేసింది.

తర్వాత ప్రైవేటుగా ఎమ్మే ఇంగ్లీషు పూర్తిచేసి హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల సంస్థ సీఫెల్ (ఇప్పటి ఇఫ్లూ)లో డిప్లొమా చదువుతున్నప్పుడు, ఆందోళన ఉన్నచోట విన్న భాష కూడా లోపలికి ఇంకదన్న భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ వాదన, తరగతి గదిలోని భాషాభయాన్ని కొలవడానికి హార్విట్జ్ బృందం 1986లో ప్రకటించిన 33 వాక్యాల ప్రశ్నావళి నా కంటపడ్డాయి. తోటివారు నవ్వుతారన్న భయం ఆ వాక్యాల్లో ఒకటి. ‘స్టైలెక్కువైంది’ అనిపించుకునే భయం అందులో లేదు. నా తరగతిలో మాత్రం మొదట దాని గురించే మాట్లాడతాను.

ఇప్పుడు మా కాలేజీ పిల్లలు రోజంతా ఫోన్లో ఇంగ్లీషు వింటారు, అయినా నోరు విప్పడానికి మనలాగే జంకుతారు. మాస్టారి పద్ధతిలోనే వారికి సాయంత్రాలు తరగతి నడుపుతున్నాను. అలా మొదటి నెలంతా మౌనంగా కూర్చున్న పార్వతీపురం అమ్మాయి, నిరుడు ఒక జాతీయ సదస్సులో పత్రం చదివి, ప్రశ్నలన్నింటికీ కాగితం చూడకుండా ఇంగ్లీషులోనే జవాబులు చెప్పింది.