గంటె లెక్క

2025 జూన్ 9, సోమవారం. రామంతాపూర్.

నిన్న మృగశిర. చేపల పులుసు వాసన ఇంకా వంటింట్లోంచి పోలేదు. ఇవాళ నాకు వారపు సెలవు, సోమవారాలు హాస్టల్లో వేరే ఆమె వండుతుంది. పొద్దెక్కేదాకా పడుకుందామనే ప్రతి ఆదివారం రాత్రీ అనుకుంటాను. నాలుగుంపావుకల్లా మెలకువ వచ్చేస్తుంది. అట్లాగే కళ్ళు మూసుకుని, మంచం కింద ఉన్న గంజుల గురించి ఆలోచిస్తూ పడుకున్నాను.

ఐదు నెలలుగా అవి అక్కడే ఉన్నాయి. మంచం కింద పట్టనివి బాల్కనీలో టార్పాలిన్ కప్పుకుని కూర్చున్నాయి. సంక్రాంతి పోయిన వారానికి కర్రీ పాయింట్ షట్టర్ దించి సామాను ఇంటికి తెచ్చినప్పుడు, "ఉండనీలే, మళ్ళీ పెడతావేమో" అన్నాడు మా ఆయన. ధైర్యం చెబుదామనే అన్నాడు, తెలుసు. కానీ ఊడ్చినప్పుడల్లా చీపురు వాటికి తగిలి ఠంగుమంటుంటే, ప్రతిసారీ ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుండేది.

గురువారం బడి తెరుస్తారు. నోటుపుస్తకాలు, బూట్లు, బ్యాగు. పిల్లాడి పాదం ఈ ఎండాకాలంలో రెండు సైజులు పెరిగింది. ఇంక ఉంచుకునే వీల్లేదు.

ట్రాలీ ఆటో అతను 800 అన్నాడు, 650కి ఒప్పుకున్నాడు. సామాను ఎక్కిస్తూ "క్యాటరింగా అక్కా?" అని అడిగాడు. "ఆఁ" అన్నాను. అబద్ధమాడినందుకు కాదు గానీ అది అంత సులువుగా నోట్లోంచి వచ్చినందుకు సిగ్గేసింది. అంబర్‌పేట దాటేదాకా ఆయనతో ఇంకేం మాట్లాడలేదు. ఎక్కడ 'ఏ ఫంక్షను' అంటాడో అని భయం.

బేగంబజార్‌లో పొద్దున పదకొండుకే నడవడానికి సందు లేదు. రెండేళ్ళ కిందట ఇదే వీధిలో ఇవే గిన్నెలు కొన్నాను. అది 2023 శ్రావణం. అప్పుడు కొట్టువాళ్ళు కుర్చీ వేశారు, చాయ్ తెప్పించారు. గిన్నెల మీద షాపు పేరు కొట్టిస్తుంటే ఆ మిషను జివ్వుమన్న చప్పుడు నాకు సన్నాయిలాగే వినబడింది. ఒక్కో గంజు మీద పేరు, కింద తారీఖు. అమ్మ దగ్గరుంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

పాత సామాను కొనేవాడికి కుర్చీలుండవు. తక్కెడ ఉంటుంది, అంతే. సత్తు గంజులు 46 కిలోలు తూగాయి, కిలో 140. స్టీలు 31 కిలోలు, కిలో 55. గ్రైండరుకి 4,500, పొయ్యికి 1,200. అంతా కలిపి 13,845, ఆయన చేతిలో పెట్టింది 13,800. నేను పెట్టింది 48,000. గంజులు గట్టివనీ, పేరు కూడా ఉందనీ ఏదో అనబోయాను. ఆయన గంజు తిప్పి చూసి, "పేరుకు పైసలు రావమ్మా, పేరున్నా లేకున్నా రేటు ఒకటే" అన్నాడు. వెటకారం కాదు, ఆయన రోజూ చెప్పే మాటే అయ్యుంటుంది. నాకు నవ్వొచ్చింది. జనవరి తర్వాత ఈ విషయంలో నాకు నవ్వు రావడం ఇదే మొదలు.

చివరికి ఒక గంటె మిగిలింది. తక్కెడ మీద వేస్తే పదకొండు రూపాయలొస్తాయన్నాడు. తీసి సంచిలో వేసుకున్నాను.

ఆ గంటె గురించి రాయాలి. షాపు ఎందుకు మునిగిందో అందులో సగం ఉంది.

షాపు మూసేశాక కారణాలు చెప్పనివాళ్ళు లేరు. అత్తమ్మ దిష్టి అంది. పక్కింటామె పొయ్యి ఈశాన్యంలో ఉందంది. మా అన్నయ్య అసలు మొదలుపెట్టడమే తప్పన్నాడు. నేనేమో ఎదురు లైన్లో కొత్తగా కర్రీ పాయింట్ పెట్టినవాణ్ణి రెండు నెలలు రోజూ తిట్టుకున్నాను. అందరి కారణాలూ బాగానే ఉన్నాయి, ఒక్కదానికీ అంకెలు లేవు.

మార్చిలో ఈ లేడీస్ హాస్టల్లో వంటకి చేరాను. 62 మంది అమ్మాయిలు, నెలకి 16,000. నిన్నమొన్నటిదాకా గల్లాపెట్టె ముందు కూర్చున్నదాన్ని, ఇప్పుడు "ఆంటీ, ఉప్మా అయిందా" అనిపించుకోవాలి. మొదటి వారమంతా తల ఎత్తలేదు. రెండో వారంలో కాబోలు, సూపర్‌వైజర్ మేడమ్ వడ్డించే గంటె చేతికిచ్చి, "మనిషికి ఒక్కటే" అంది. ఇంత చిన్న గంటెతోనా అనుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టక ఇంట్లో రైస్ కుక్కర్‌తో వచ్చిన కొలత కప్పు తీశాను. ఆ కప్పు 180 మిల్లీలీటర్లు. హాస్టల్ గంటె సరిగ్గా ఒక కప్పు. నేను షాపులో వాడిన గంటె ఒక కప్పూ, ఇంకో మూడో వంతూ. అంటే 240.

అది మా అమ్మ గంటె. ఊళ్ళో నాట్లు పడే రోజుల్లో పొలం గట్టు మీద కూలోళ్ళకి పప్పుచారు వడ్డించిన గంటె. వంగి వంగి నాట్లేసిన మనిషికి అంత పడాల్సిందే. ఆ గంటెతో నేను 30 రూపాయల కూర కవర్లో పోసి, ఆపైన ఇంకొంచెం కొసరు కూడా వేసి, గాలి నిలిచేట్టు మూతి తిప్పి దారం చుట్టేదాన్ని. (ముడి వేయడంలో నన్ను మించినవాళ్ళు ఈ ఏరియాలో లేరు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.)

కొసరు వదిలేద్దాం. కవరుకి 60 మిల్లీలీటర్లు ఎక్కువ. రోజుకి 120 కవర్లు. 7,200 మిల్లీలీటర్లు, అంటే నలభై కవర్ల కూర. 30 చొప్పున 1,200 రూపాయల సరుకు రోజూ ఊరికే పోసేశాను. నెలకి 26 రోజులు వేసుకున్నా 31,200. షాపు అద్దె 14,000. అర్ధరాత్రి వంటింటి గట్టు దగ్గర నిలబడి పిల్లాడి రఫ్ నోట్‌బుక్‌లో ఈ లెక్క మూడుసార్లు వేశాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని.

గంటె ఒక్కటే అంటే అది కూడా అబద్ధమే. కందిపప్పు కిలో 160 దాటిన రోజుల్లోనూ పప్పు ధర పెంచడానికి మొహమాటపడ్డాను. రాత్రి మిగిలే సాంబారు లెక్కలోకే రాలేదు. పదిహేడు నెలలు ఇంటిల్లిపాదీ అదే తిన్నాం, ఇప్పుడు మా వాడు సాంబారు పేరెత్తితే పళ్ళెం తోసేస్తాడు. ఇక రూముల్లో ఉండే పిల్లల ఖాతాలు. ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళని ఎంత తిట్టానో. ఒకడు బస్‌స్టాప్‌లో నన్ను చూసి ఫోన్ చెవికి పెట్టుకుని అటు తిరిగాడు. వాణ్ణి తిడుతూ ఇంటికొచ్చిన రోజే నేను కూడా వాటర్ ట్యాంకు వైపు నుంచి చుట్టు తిరిగి వచ్చాను, కిరాణం సేటు కంట పడకుండా. ఆ రోజు మాత్రం ఆ పోలిక నాకు తట్టలేదు.

అయినా ఒకటి తేల్చుకోలేకపోతున్నాను. జనం నా దగ్గరికి వచ్చిందే ఆ పెద్ద గంటె చూసి కదా. చిన్న గంటెతో మొదలుపెట్టి ఉంటే 120 కవర్లు అమ్ముడయ్యేవా? కొసరు వేయని చేత్తో వండితే ఆ రుచి వచ్చేదా? ఇది కొలత కప్పుకి అందే లెక్క కాదు. వదిలేశాను. కానీ ఆ రాత్రి తర్వాత నిద్ర పడుతోంది. దిష్టిని ఏం చేయాలో తెలియదు, గంటె అయితే మార్చుకోవచ్చు.

సామాను అమ్మేశాక సంచీలో గంటె, జాకెట్లో డబ్బు. అఫ్జల్‌గంజ్ బస్టాండుకి నడుస్తుంటే ఎండ మాడ్చేసింది. మృగశిర వస్తే చల్లబడుతుందంటారు, ఈ ఎండకి ఆ మాట చెప్పినట్టు లేదు. నీడ కోసం ఉస్మానియా ఆసుపత్రిలోకి వెళ్ళి ఆ చింతచెట్టు కింద కూర్చున్నాను. ఆరేళ్ళ కిందట అత్తమ్మని ఇక్కడ చేర్చినప్పుడు పది రోజులు ఈ చుట్టుపక్కలే పడుకున్నాం. అప్పుడు వార్డులో ఒక పెద్దాయన చెప్పాడు, 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఈ చెట్టెక్కి 150 మంది బతికారని. చుట్టూ వేలమంది కొట్టుకుపోతుంటే కొమ్మలు పట్టుకుని కూర్చున్నారట.

ఆ వరదలోనే అమ్జద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవి తల్లి, భార్య, కూతురు ముగ్గురూ పోయారని ఎప్పుడో ఆదివారం పేపర్లో చదివాను. ఆయనొక్కడే మిగిలాడు. తర్వాత ఎన్నో ఏళ్ళు బతికి, రుబాయీలకి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. అంతటి దుఃఖం పక్కన పెట్టి చూస్తే నా అప్పు చిన్నదైపోతుందని కాసేపు ప్రయత్నించాను. కాలేదు. సేటుకి ఇవ్వాల్సిన 23,400 అట్లాగే ఉంది, ఒక్క రూపాయి తగ్గలేదు. ఒకరి దుఃఖంతో ఇంకొకరి బాకీ తీర్చుకోవాలనుకోవడం కూడా ఒకరకం ఖాతా పెట్టడమే.

నాకు దగ్గరగా అనిపించింది వేరే. వరద తగ్గాక విశ్వేశ్వరయ్యని పిలిపించి, నీళ్ళు ఎక్కణ్ణుంచి ఎంత వచ్చాయో, ఎక్కడ ఆపితే ఊరు మునగదో లెక్క కట్టించారు. దాంతోనే మన గండిపేట, అదే ఉస్మాన్‌సాగర్, 1920లో వచ్చింది, హిమాయత్‌సాగర్ 1927లో. మునిగిన ఊరు కూడా ముందు కొలతలే తీసుకుందన్నమాట. చెట్టు కింద కూర్చుని రఫ్ నోట్‌బుక్ గుర్తు చేసుకున్నాను.

ఇంత చరిత్ర తలచుకుంటూ పైకి చూస్తే నాకు ముందు కనబడింది లేత చిగురు. అబ్బ, చింతచిగురు పప్పు పెట్టి ఎన్నాళ్ళయింది! షాపులో అది ఉన్న రోజు పన్నెండున్నరకే గంజు ఖాళీ అయ్యేది.

బస్సులో ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకున్నాను. కిటికీ సీటు కూడా దొరికింది. రామంతాపూర్‌లో దిగాక ఎప్పటిలాగే కాళ్ళు వాటర్ ట్యాంకు వైపే తిరిగాయి. నాలుగడుగులు వేసి ఆగాను. చేతిలో సంచి, అందులో గంటె. ఇంకో నిమిషం ఆలోచిస్తే వెళ్ళనని తెలిసి, వెనక్కి తిరిగి గబగబా నడిచాను.

సేటు నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "ఊర్లనే ఉన్నవా అమ్మా?" అన్నాడు.

"ఇక్కడే ఉన్నా సేటూ. నీ ముందరికి రానీకి మొహం చెల్లలే." ముందుగా అనుకున్న మాటలు ఇవి కావు. బస్సులో చాలా మర్యాదైన మాటలు కూర్చుకున్నాను, అవన్నీ మెట్లెక్కేలోపే పోయాయి.

5,000 గల్లా మీద పెట్టాను. వేలు తడుపుకుని రెండుసార్లు లెక్కపెట్టాడు. ఎర్ర బుక్కు తీసి నా పేజీ వెతికాడు. వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు, పేజీ మూల మడిచి ఉంది. జమ రాసి, బుక్కు నా వైపు తిప్పి చూపించాడు. "బాకీ 18,400. మరి అవి?"

"నెలకు 1,500 ఇస్త. ఐదో తారీఖు జీతం పడుతది, ఆరో తారీఖు నీ దగ్గర ఉంట."

"ఆరో తారీఖు," అని పేజీ మీదే రాసుకున్నాడు. దయ చూపించలేదు, మందలించనూ లేదు. సినిమాలో అయితే ఈ పాటికి ఆయన బుక్కు చింపేసి 'నువ్వు నా చెల్లెలివమ్మా' అనాలి. మా సేటు పెన్ను క్యాప్ పెట్టి, "ఏమైనా కావాల్నా?" అని అడిగాడు. వెంటనే, "నగదు," అన్నాడు.

నగదుకే కిలో ఇడ్లీ రవ్వ అడిగాను. ఎలక్ట్రానిక్ తక్కెడ మీద కవరు పెట్టి పోశాడు. 1.002 చూపించింది. రెండు వేళ్ళతో చిటికెడు తీశాడు, 1.001. ఇంకో చిటికెడు తీశాడు, 1.000. నేను ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాను. ముప్పై ఏళ్ళుగా నడుస్తోంది ఆ కొట్టు.

ఇంటికొచ్చాక మంచం కింద ఊడ్చాను. చీపురు దేనికీ తగల్లేదు. చాలా దుమ్ము వచ్చింది, పిల్లాడి పాత గోళీలు రెండు, ఒక దారపు ఉండ కూడా. ఆ దారం కవర్లు కట్టినదే, ఇంకా సగం ఉంది. పోపుల డబ్బా వెనక పెట్టాను.

రాత్రి పప్పుచారు. మా ఆయన గంటె చూసి, "ఇది అమ్మలేదా?" అన్నాడు. "పదకొండు రూపాయలేనట," అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు, పళ్ళెం ముందుకి జరిపాడు. సేటు దగ్గరికి వెళ్ళొచ్చిన సంగతి అన్నాలయ్యాక చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే రేపట్నుంచి ఆ దారిలోనే పోవచ్చు," అన్నాడు. ఆయన కూడా ఇన్నాళ్ళూ వాటర్ ట్యాంకు వైపు నుంచే వస్తున్నాడని నాకప్పుడు తెలిసింది.

అమ్మగా వచ్చింది 13,800. ఆటో 650. సేటుకి 5,000. ఇడ్లీ రవ్వ 60. మిగిలింది 8,090, బడికి.

రేపు హాస్టల్లో ఉప్మా, 62 మందికి. రవ్వ ముందే వేయించి పెట్టమని చెప్పాలి, మొన్న ముద్దయింది. అలారం నాలుగుంపావు.