అమ్మకు మార్ఫిన్ బిళ్లల కోసం విశాఖలో నేను పడ్డ పాట్లు

మా అమ్మది భీమిలి దగ్గర పల్లె. ఉత్తరాంధ్రలో ఆ తరం ఆడవాళ్లు చాలామందిలాగే అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని. చివరికి అంగిలికి క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, రేడియేషన్ ఆరోగ్యశ్రీలో అయిపోయాయి. ఆ కాగితాల గురించి చెప్పడానికేమీ లేదు, ఆరోగ్యమిత్ర ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టాం. ఏడాది తిరక్కుండానే జబ్బు తిరగబెట్టి ఎముకలోకి పాకింది. ఇక నొప్పి తగ్గించడమే వైద్యం అన్నారు.

ముందు పారాసిటమాల్, తర్వాత ట్రమడాల్ ఇచ్చారు. కొన్నాళ్లు పనిచేశాయి, తర్వాత లేదు. అప్పుడు ఆపరేషన్ చేసిన డాక్టరు గారు నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పి మందు మార్ఫిన్, 10 మిల్లీగ్రాముల బిళ్ల నాలుగు గంటలకోసారి వేయమని రాసి, "మా దగ్గర ఉండదు, బయట తెచ్చుకోండి" అన్నారు. బయట అంటే ఎక్కడో చెప్పలేదు. అక్కడ మొదలైంది నా తిరుగుడు.

షాపులన్నింటి గురించీ రాయను. ఒక పెద్ద షాపు సంగతి మాత్రం చెప్పాలి. అమ్మ ఆపరేషన్ నాటి నుంచి సింహాచలం అప్పన్న మొక్కు ఉండి జుట్టు, గడ్డం పెంచుతున్నాను. ఆ రోజు నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వెళ్లాను, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కౌంటర్లో పెద్దాయన చీటీ చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ చీటీ చూశాడు.

"ఎవరికి?"

"మా అమ్మకండి. క్యాన్సర్."

"అందరూ అమ్మకే అంటారు."

ఆధార్ అడిగితే ఇచ్చాను. ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. తర్వాత షాపంతా వినబడేలా, "ఇలాంటివి అడుగుతూ తిరిగితే ఏమవుతాదో తెలుసా? పోలీసులకి ఒక్క ఫోన్ చాలు" అన్నాడు. నా వెనక మా కాలనీ ఆవిడే ఉంది. పిల్లాణ్ణి తన పక్కకు లాక్కుంది. నేను ఫైలు విప్పి బయాప్సీ రిపోర్టు కౌంటర్ మీద పెట్టాను, అందులో అమ్మ నోటి ఫొటో కూడా ఉంది. ఆయన దాన్ని చూడకుండానే మోచేత్తో పక్కకు నెట్టి, "తర్వాత ఎవరు?" అన్నాడు. ఇంతా చేసి ఆ షాపులో మార్ఫిన్ లేనే లేదు. "లేదు బాబూ" అంటే సరిపోయేది కదా.

ఆ పక్క వీధి షాపులో ఉన్న కుర్రాడు ఇంకో రకం. "మార్ఫిన్ లేదన్నా, నొప్పికే కదా, ఇది పట్టుకెళ్లు. తగ్గకపోతే డబుల్ వేసేయ్" అని ట్రమడాల్ అట్ట చేతిలో పెట్టాడు. చీటీ అడగలేదు, బిల్లూ ఇవ్వలేదు. నిజానికి అది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ చూసి, డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో వేరే రిజిస్టర్‌లో రాసి, ఆ రిజిస్టర్‌ను మూడేళ్లు దాచాలి. 2018 నుంచి అది ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కిందకి కూడా వచ్చింది. మోతాదు మించితే ఫిట్స్ రావచ్చు. 2025 మార్చిలో ఆపరేషన్ గరుడ అని రాష్ట్రమంతా మెడికల్ షాపుల్లో తనిఖీలు చేసింది ఇలాంటి అమ్మకాల మీదే. చేయాల్సిందే, కాదనను. నొప్పి ఇంజెక్షన్లు మత్తుకు అమ్ముతూ దొరికిపోయారన్న వార్తలు మన ఊరికి కొత్త కాదు. కానీ భయం పట్టుకోవాల్సిన వాడికి పట్టుకోలేదు. చీటీ, ఆధార్, ఫైలు అన్నీ పట్టుకుని వెళ్లినవాణ్ణి మాత్రం దొంగను చేశారు.

దారి చెప్పింది రేడియేషన్ వార్డులో పరిచయమైన ఒక నర్సు. "మెడికల్ షాపుల్లో దొరకదు తమ్ముడూ, గుర్తింపు ఉన్న ఆసుపత్రిలోనే ఇస్తారు, పాలియేటివ్ ఓపీకి, అంటే నొప్పి తగ్గించే వైద్యం చేసే చోటికి వెళ్లు" అంది. 1985లో ఆ ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాక మార్ఫిన్ నిల్వ పెట్టుకోవాలంటే రకరకాల లైసెన్సులు కావాల్సి వచ్చేవట. ఆ తలనొప్పి ఎందుకని ఆసుపత్రులు మానేశాయి. 2014లో చట్టం సవరించి మార్ఫిన్ లాంటి ఆరు మందులకు పద్ధతి సులువు చేశారు. రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ గుర్తింపు, శిక్షణ పొందిన డాక్టరు ఉంటే చాలు. అయినా ఇప్పటికీ తెచ్చుకుని పెట్టే ఆసుపత్రులు తక్కువే. నల్లమందు పండేది మన దేశంలో, శుద్ధి చేసే ప్రభుత్వ ఫ్యాక్టరీలు ఘాజీపూర్‌లో, నీమచ్‌లో. ఇంత ఉండీ ఓపీ లైన్లో నా ముందున్న ముసలాయన పాడేరు దిగువ నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చాడు.

ఓపీలో పని తేలిగ్గానే అయిపోయింది. పాత రిపోర్టులు, అమ్మ ఆధార్, నా ఆధార్ చూసి ఒక కార్డు రాసిచ్చారు. బిళ్లలు నా ఎదురుగానే లెక్కపెట్టి కార్డులో ఎక్కించారు. ఆ తర్వాత అక్కడి సిస్టర్ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి వేయాలి. మొదటి రోజు నుంచే విరేచనం మందు ఇవ్వాలి, లేకపోతే మలబద్ధకంతో ఇంకో నరకం. మొదట్లో కాస్త మగత ఉంటుంది, సర్దుకుంటుంది. పిలిచినా పలక్కుండా, ఊపిరి మరీ నెమ్మదిగా తీస్తుంటే మాత్రం తర్వాతి బిళ్ల ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. డాక్టరు రాయకుండా నిద్రమాత్రలు కలపకూడదు. బీరువాలో తాళం వేసి పెట్టాలి. మిగిలినవి ఎవరికీ ఇవ్వకుండా, పారేయకుండా తిరిగి తెచ్చి ఇవ్వాలి. మందు దారి తప్పకుండా చూడటమంటే ఇదీ. ఇందులో ఎక్కడా అరుపుల్లేవు.

ఇంట్లో మా బావ ఇంకో గొడవ పెట్టాడు. "మత్తుకు అలవాటు పడిపోతాది, మానిపించెయ్." నొప్పికి కొలత ప్రకారం వాడేవాళ్లు మత్తు కోసం వాడేవాళ్లలా మారడం చాలా అరుదనీ, శరీరానికి అలవాటవుతుంది కనుక ఒక్కసారిగా మాత్రం ఆపకూడదనీ సిస్టర్ చెప్పింది అప్పజెప్పాను. వినలేదు. రాత్రి రెండు గంటల బిళ్ల వేయడానికి ఒక్క రోజు నువ్వు లేచి చూడు బావా అన్నాను, అప్పటి నుంచి మాట్లాడటం లేదు.

అమ్మ ఇప్పుడు గంజి, మెత్తగా పిసికిన అన్నం తింటోంది. "నొప్పి ఎలాగుందే" అంటే "ఏటో, ఉందా లేదా అన్నట్టుంది" అంటోంది.

వేసిన ప్రతి బిళ్ల టైమూ నేను నోటుబుక్కులో రాస్తాను. దాన్ని సిస్టర్ తీసుకుని ఓపీలో మిగతావాళ్లకు చూపించింది, ఇలా రాయండి అని. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే.

మీ ఇంట్లో ఈ అవసరం వస్తే షాపుల చుట్టూ తిరక్కండి. మార్ఫిన్ రాసిన డాక్టరునే, అది నిల్వ ఉన్న గుర్తింపు ఆసుపత్రి ఏదో అడిగి, పేరు రాయించుకునే గది దాటండి. ఇంట్లో ఎవరైనా ఇలాంటి బిళ్లలకు నిజంగానే బానిసైతే 14446కు ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు. ట్రమడాల్ కుర్రాడి షాపు అడ్రసు నేను మత్తుమందుల మీద ఫిర్యాదులు తీసుకునే రాష్ట్ర ప్రభుత్వ నంబరు 1972కి ఫోన్ చేసి చెప్పాను, రాసుకున్నారు. పెద్దాయన షాపులో బీపీ మాత్రలు కొనడం కూడా మానేశాను, మా కాలనీలో ఎవరడిగినా ఎందుకో వివరంగా చెబుతున్నాను.