ఖాళీ పేజీ కింద సంతకాలు

నిద్ర పట్టేటట్టు లేదు. పొద్దున మా చేనేత సంఘం మీటింగ్ అయినప్పటి నుంచి ఆ మినిట్స్ పుస్తకమే కళ్ల ముందు మెదులుతోంది.

దసరాకి బోనస్ ఇస్తామన్నారు. సంతోషమే, ఇంట్లో అందరికీ చెప్పాను. కానీ ఆ మాట ఇంకా నడుస్తుండగానే పుస్తకం చేతులు మారుతూ నా ఒళ్లోకి వచ్చింది. పైన తేదీ, సర్వసభ్య సమావేశం అని ఒక వరుస, అంతే. మధ్యలో పేజీ మొత్తం ఖాళీ. అడుగున మాత్రం అప్పటికే సంతకాలు, వాటి పక్కన రెండు వేలిముద్రలు. ఒక ముద్ర మీద నీలిరంగు ఇంకా తడిగానే ఉంది. "ఏం తీర్మానం రాస్తరు ఇందులో?" అని అడిగాను. పక్కనున్న మరిది వరుస పిల్లాడు "పెట్టు వదినా, ప్రెసిడెంట్ బాపు రాత్రికి తీరిగ్గ రాసుకుంటడు" అన్నాడు. వెనక నుంచి ఇంకొకామె "బువ్వ వండాలె, జల్ది కానియ్యి." నేను పెట్టలేదు. పుస్తకం పక్కకిచ్చేశాను.

ఇంకా కోపం తెప్పించేది తర్వాత జరిగింది. లోపల ఒక్కరూ నోరు తెరవలేదు. బయటికొచ్చి చాయ్ హోటల్ ముందు నిలబడగానే అందరికీ మాటలొచ్చాయి. మజూరీ పెంచలేదని ఒకరు, నూలు తూకం తక్కువొస్తోందని ఒకరు, రంగులు ఎక్కడ కొంటున్నారో తెలియదని ఇంకొకరు. ఇవన్నీ అడగడానికే కదా మీటింగ్! మాది 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన సంఘం. సర్కారు వాటా లేదు, పైన ఆఫీసర్ పెత్తనం లేదు. ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకటే ఓటు. మాది మేమే నడుపుకుంటామని తెచ్చుకున్న హక్కును హోటల్ బల్ల దగ్గర చాయ్‌తో తాగేస్తున్నాం.

తూకం మాట వినగానే అమ్మ గుర్తొచ్చింది. అప్పట్లో మా ఇంట్లో ఆసు చేత్తోనే పోసేది. ఆసు పోయడమంటే రంగులద్దే ముందు నూలు పోగులను మేకుల చుట్టూ వరసగా చుట్టడం. ఒక్క చీరకి చెయ్యి తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. పొద్దుగూకేసరికి భుజం లేవక ఎడమ చేత్తో ముద్ద తినేది. ఆసులో ఒక పోగు తప్పితే, రంగు అంటకుండా పోగులకు చిటికీ ముడులు కట్టేటప్పుడు లెక్క కుదరదు, మగ్గం మీద పువ్వు అంచు చెదురుతుంది. అంత పని అది. ఒకసారి నూలు తక్కువొచ్చిందని అనుమానమొచ్చి కిరాణా కొట్టులో తూకం వేయించింది. నిజంగానే తక్కువ. మూట నెత్తిన పెట్టుకుని అప్పటి సంఘం ఆఫీసుకి పోయింది, నేను కొంగు పట్టుకుని వెనకాల. అక్కడాయన మూట విప్పి చూడలేదు, తల కూడా ఎత్తలేదు. "మీ ఇంటాయన్ని తోలు, సభ్యుడు ఆయన" అన్నాడు. నాయిన పోలేదు. ఆ తరుగు మజూరీలోనే కోసేశారు. అమ్మ ఆ తర్వాత ఎప్పుడూ ఆఫీసు మెట్లెక్కలేదు.

1999లో ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ బాధ చూడలేక ఆసు మిషన్ చేశారు. మా అత్తమ్మ ఇప్పుడు దాని మీదే ఆసు పోస్తుంది. చెయ్యికి విశ్రాంతి వచ్చింది గానీ సభ్యత్వం రాలేదు. మగ్గం మీద కూర్చుంటాను కాబట్టి నేను సభ్యురాలిని, అత్తమ్మ కాదు. మా ప్రెసిడెంట్ బాపు ప్రతి మీటింగ్‌లో కేరళ ఉరాలుంగల్ సంఘం గొప్ప చెప్తాడు. 1925లో కూలీలు కలిసి పెట్టుకున్నది, ఇప్పుడు రోడ్లు, వంతెనలు కడుతోంది అని. అక్కడ పనిచేసేవాళ్లే సభ్యులు. ఆ ముక్క మాత్రం మా మీటింగ్‌లో ముందుకు సాగదు.

ఇంతవరకు రాసేసరికి ఆ పెద్దమనిషి మీద కోపం తగ్గుతోంది. సరుకు అమ్మిన పైసల కోసం హైదరాబాద్ తిరిగేది ఆయనే. కరెంటు బిల్లు, లెక్కలు, నూలు సర్దుబాటు అన్నీ ఆయన నెత్తినే. ఎవరినైనా కమిటీలోకి రమ్మంటే మగ్గం ఆగిపోతుందంటారు. రాత్రి పన్నెండింటికి ఒక్కడే కూర్చుని తీర్మానం రాసే మనిషి ముందుగా సంతకాలు తీసుకున్నాడంటే దొంగబుద్ధి అనుకోను. అలసటే అది. రాసే పని ఇద్దరికి ఒప్పజెప్పి, నెలనెలా మనుషులను మారుస్తూ, లేచేముందు పైకి చదివించి సంతకాలు తీసుకుంటే ఆయనకీ తేలిక, మాకూ అనుమానం ఉండదు.

అయినా ఖాళీ పేజీ ఖాళీ పేజీనే. ఆయన మంచోడైతే ఏం, రేపు ఆ కుర్చీలో కూర్చునేవాడు ఎవడో. ఆ వేలిముద్ర వేసిన పెద్దమ్మకి దేనికి ఒప్పుకుందో ఇప్పటికీ తెలియదు.

అత్తమ్మని అడిగాను, సభ్యత్వం ఇస్తే తీసుకుంటావా అని. "నాకెందుకే ఓటు, అడిగితే వినేటోడుండాలె గని" అని పక్కకు తిరిగింది. అది వద్దనడమో, కావాలనడమో తేల్చుకోలేకపోతున్నా.

ఎల్లుండి నూలిచ్చే రోజు. ఆఫీసుకి పోయి ముందు ఆ పేజీ చదివి వినిపించమంటాను, ఆసు పోసేవాళ్ల సభ్యత్వం వచ్చే మీటింగ్ ఎజెండాలో రాయమంటాను. మా ఆయన అప్పుడే మొదలుపెట్టాడు, సంఘం గొడవ ఇంట్లోకి తేవద్దని. నూలు మూట ఇంట్లోకే కదా వస్తోంది, గొడవ ఎక్కడ పెట్టి రావాలో ఆయననే చెప్పమనాలి.