అత్తయ్యగారు, కవ్వం, కాస్టిక్ సోడా

ఇంట్లో సబ్బు ఎలా చేసుకోవాలో చూపించే వీడియోలు చాలా చూశాను. అన్నిట్లోనూ తెల్లటి గట్టు, గాజు గిన్నెలు, వెనకాల సన్నగా సంగీతం. ఒక్కదాంట్లో కూడా అత్తగారు కనపడరు. కుక్కర్ కూత వినపడదు. చెయ్యి తీయడానికి వీల్లేని సమయం చూసుకుని బెల్లు కొట్టే గ్యాస్ బండ అబ్బాయి ఉండడు. అందుకే వాళ్లకి చిటికెలో అయిపోయే పని, మా కూకట్‌పల్లి ఫ్లాట్‌కి వచ్చేసరికి ఇంటిల్లిపాదీ కూర్చుని చేసే కార్యక్రమం అయింది.

దీనంతటికీ మూలం కొబ్బరినూనె. మా పెద్దమ్మ వాళ్లది అంబాజీపేట దగ్గర. ఆ వైపు నుంచి ఎవరు హైదరాబాద్ వస్తున్నా సరే, వాళ్ల చేతికి ఓ పెద్ద నూనె డబ్బా అంటగడుతుంది. మా ఇంట్లో తలకి నూనె రాసుకునేది అత్తయ్యగారొక్కరే. మా ఆయనకి రాసుకోవడానికి పైన పెద్దగా ఏమీ మిగల్లేదు. మా అమ్మాయి పదో తరగతి, నూనె రాసుకుని వెళ్తే క్లాసులో పరువు పోతుందంటుంది. డబ్బాలు పేరుకుపోయి, చలికాలం రాగానే గడ్డకట్టి అటకెక్కేవి. వాటిని వదిలించుకునే దారి వెతుకుతుంటే ఈ సబ్బు పిచ్చి పట్టుకుంది.

ముందు కాస్టిక్ సోడా కావాలి. కెమికల్ షాపుకి వెళ్లి అడిగాను.

"ఏం మేడమ్, బాత్రూమ్ లైన్ జామ్ అయిందా?"

"కాదండీ, ఒంటికి రాసుకునే సబ్బు చేద్దామని."

ఆయన తూకం వేయడం ఆపి నా వైపు చూశాడు. "సార్‌కి తెలుసా మేడమ్?" అన్నాడు.

ఆయన భయంలో అర్థం లేకపోలేదు. కాస్టిక్ సోడా చర్మం మీద పడితే కాలుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. కానీ అది లేకుండా సబ్బు లేదు. కాస్టిక్, నూనె కలిసి సబ్బుగా, గ్లిజరిన్‌గా మారిపోతాయి. లెక్క సరిగ్గా ఉంటే చివరికి కాస్టిక్ అనేదే మిగలదు. లెక్క తప్పితే మాత్రం ఆ షాపాయన అన్న బాత్రూమ్ లైనుకే పనికొస్తుంది.

ఆ లెక్క దగ్గరే నాకూ అత్తయ్యగారికీ తేడా వచ్చింది. నేను పెట్టుకున్న కొలత ఇది: కొబ్బరినూనె 500 గ్రాములు, నువ్వులనూనె 400, ఆముదం 100. దీనికి కాస్టిక్ 150 గ్రాములు, నీళ్లు 300 గ్రాములు. నూనెలో ఓ 5 శాతం సబ్బుగా మారకుండా మిగిలేలా వేసిన లెక్క, చర్మానికి మంచిదని. కొబ్బరినూనె ఒక్కటే వాడితే నురగ బ్రహ్మాండంగా వస్తుంది గానీ ఒళ్లు పొడిబారిపోతుంది. అందుకే మిగతా రెండూ. ఏ నూనెకి కాస్టిక్ ఎంతన్నది వేరువేరుగా ఉంటుంది. గ్రాము కొబ్బరినూనెకి 0.183 గ్రాములు పడితే, ఆముదానికి 0.128 చాలు. నూనె మార్చారంటే లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సిందే.

అత్తయ్యగారు జన్మలో వంటకి తూకం వాడలేదు. పెళ్లిళ్లకి వందమందికి పులిహోర కలిపిన చెయ్యి ఆవిడది. నేను త్రాసు మీద ఒక్కో గ్రామూ సరిచూస్తుంటే ఆవిడకి చిరాకొచ్చింది.

"ఆ తెల్లది మరీ తక్కువగా కనిపిస్తోందే అమ్మాయ్. ఇంకో చారెడు పడనీ."

"వద్దత్తయ్యా, ఎక్కువైతే ఒళ్లు కాలుతుంది."

"పోనీ తర్వాత రుచి చూసి వేసుకుందాం."

రుచి సంగతి తర్వాత నిజంగానే వచ్చింది, చెప్తాను.

కాస్టిక్‌ని నీళ్లలో కలిపే పని బాల్కనీలో పెట్టుకున్నాను, ఆ ఆవిరి గొంతులో పడితే దగ్గు ఆగదు. చేతులకి రబ్బరు గ్లౌజులు, ముక్కుకి మాస్కు, ఒంటి మీద మా ఆయన రెయిన్‌కోటు, కళ్లకి మా అమ్మాయి గులాబీరంగు స్విమ్మింగ్ కళ్లజోడు. ఎదురు బాల్కనీలో బట్టలారేస్తున్న ఆంటీ నన్ను చూసి, చేతిలో బకెట్ కింద పెట్టేశారు. "మళ్లీ కరోనా వచ్చిందా అమ్మా? టీవీలో ఏం చెప్పలేదే!"

గిన్నె దగ్గర ఇంకో పేచీ. అత్తయ్యగారు తన సిల్వర్ డేక్సా ఇస్తానన్నారు. అది అల్యూమినియం, కాస్టిక్ దాన్ని తినేసి హైడ్రోజన్ వాయువు వదులుతుంది. స్టీలు గిన్నే వాడాలి. నీళ్లలో కాస్టిక్‌ని కొద్దికొద్దిగా వేయాలి. కాస్టిక్ మీద నీళ్లు మాత్రం ఎప్పుడూ పోయకూడదు, ఒక్కసారిగా పొంగి మీద పడుతుంది. కలుపుతుండగానే పొయ్యి లేకుండా ఆ నీళ్లు పొగలు కక్కడం మొదలుపెట్టాయి. "ఎక్సోథెర్మిక్ రియాక్షన్ నాన్నమ్మా" అంది మా అమ్మాయి, పరీక్షలో రాయాల్సింది ఇక్కడ అప్పజెప్పేస్తూ. అత్తయ్యగారు గుమ్మంలోంచి తొంగిచూసి, "గ్యాస్ ఖర్చు లేకుండా ఎంత బాగా మరిగాయే! డికాషన్ గిన్నె దీని మీద పెడితే?" అన్నారు. ఆవిడని లోపలికి పంపడానికి మా ఆయన్ని పిలవాల్సి వచ్చింది.

నీళ్లు చల్లారాక నూనెలో పోసి హ్యాండ్ బ్లెండర్ పెట్టాను. ఇది చిక్కబడి గరిటెజారుగా రావాలి. బ్లెండర్‌తో అయితే కొద్ది నిమిషాల పని. సగంలో ఉండగా కరెంటు పోయింది. మా అపార్ట్‌మెంట్ జనరేటర్ లిఫ్టుకీ లైట్లకీ మాత్రమే. గిన్నెలో నూనె పైకి తేలడం మొదలైంది. నాకు టెన్షన్ మొదలైంది. చేత్తో కలపాలంటే గంట పైనే పట్టొచ్చు, మధ్యలో వదిలేస్తే నూనె వేరు, నీళ్లు వేరు.

అప్పుడు అత్తయ్యగారు లేచారు. అటక మీద నుంచి మా ఆయన చేత ఓ పాత కవ్వం దింపించారు. పాలు ప్యాకెట్లలోకి మారాక దానికి పనిలేకుండా పోయింది. "ఇది మళ్లీ మజ్జిగకి పనికిరాదత్తయ్యా" అన్నాను. "మజ్జిగ చిలికేవాళ్లెవరున్నారు ఈ ఇంట్లో, ఇటివ్వు" అన్నారు.

గ్లౌజులు తొడిగాను. గులాబీరంగు కళ్లజోడు పెట్టాను. కళ్లద్దాల మీద పెట్టడం కుదరక, ఆవిడ కళ్లద్దాలు తీసేసి చూపు లేకుండానే కూర్చున్నారు. చీర మీద రెయిన్‌కోటు, నెత్తి మీద ముడి, రెండు అరచేతుల మధ్య కవ్వం కాడ. ఒక్క చుక్క బయటికి చింది ఉంటే ఒట్టు. చేతులు అటూ ఇటూ తిరుగుతున్నాయి, మధ్యలో కవ్వం ఎత్తి ధార ఎలా పడుతోందో చెవితో విని మళ్లీ చిలుకుతున్నారు. మాస్కులోంచే ఊళ్లో గేదె సంగతులు చెప్తున్నారు. కరెంటు వచ్చింది. నేను బ్లెండర్ అందుకోబోతే, "ఆగు, ఇంకో రెండు తిప్పులు" అని నా చెయ్యి నెట్టేశారు. నిజంగానే రెండు తిప్పుల్లో గరిటెజారుగా వచ్చేసింది. థర్మామీటర్ పట్టుకుని నిలబడ్డ నన్ను ఎవరూ పట్టించుకోలేదు.

చివర్లో కస్తూరి పసుపు కలిపాను. పసుప్పచ్చగా వస్తుందనుకున్న మా ఆయన గిన్నెలోకి చూసి "ఇదేంటి, రక్తంలా ఉంది!" అని వెనక్కి జరిగారు. అత్తయ్యగారు నవ్వారు. "పసుపులో సున్నం పడితే పారాణి అవ్వదూ? నీ పెళ్లిలో ఎర్రనీళ్లు దిష్టి తీసింది ఎవరనుకున్నావు?" క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుందని మా అమ్మాయి పుస్తకంలో ఒక పేజీ ఉంది. నాన్నమ్మ దగ్గర ఒక్క ముక్కలో అయిపోయింది.

అచ్చు కోసం మా ఆయన కొత్త బూట్ల డబ్బాలో బటర్ పేపర్ పరిచి పోశాను. వేడి లోపలే ఉంటే సబ్బు బాగా కుదురుతుందని తువ్వాలు చుట్టి, పైన దుప్పటి కప్పి హాల్లో ఓ మూల పెట్టాను. సాయంత్రం మా ఆయన ఆఫీసు స్నేహితుడు వచ్చి, దుప్పటి మూటని చూసి గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఎన్నో నెలండీ?" అని కూడా అడిగాడు. సబ్బని చెప్పాక ఎక్కువసేపు కూర్చోలేదు.

ఇక రుచి సంగతి. సబ్బు గట్టిపడి ముక్కలు కోశాక, కాస్టిక్ మిగిలిందో లేదో చూడటానికి పాతకాలం నుంచి ఓ పద్ధతి ఉంది. తడివేలితో సబ్బుని రుద్ది, ఆ వేలిని నాలుక కొసకి తాకించాలి. చురుక్కుమని షాక్ కొట్టినట్టుంటే కాస్టిక్ ఉన్నట్టు. సబ్బు రుచే వస్తే గండం గడిచినట్టు. నేను ఒక్కో ముక్కనీ అలా చూస్తుంటే అత్తయ్యగారు దేవుడి గదిలోంచి వచ్చారు. ఏమీ అనలేదు. బాల్కనీలోకి వెళ్లి మా అమ్మకి ఫోన్ చేశారు.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. అమ్మాయి సబ్బులు నాకుతోంది. ఇదివరకేమైనా ఉందా ఇలాగ?"

మా అమ్మ నన్ను వెనకేసుకొస్తుందనుకున్నాను. స్పీకర్‌లోంచి స్పష్టంగా వినపడింది: "చిన్నప్పుడు బలపాలు తినేది వదినగారూ. మానేసిందనుకున్నాం."

తర్వాత నాలుగు వారాలు మాగబెట్టడం. నీరంతా ఆరి సబ్బు గట్టిపడాలి, లేకపోతే రెండు స్నానాలకే కరిగిపోతుంది. ఆరు వారాలైతే ఇంకా మంచిది. అసలు పరీక్ష ఇదే. మా ఇంట్లో ఆవకాయ జాడీ ఎవరు ముట్టుకోవాలి, ఎవరు ముట్టుకోకూడదు అన్న చట్టాలన్నీ అత్తయ్యగారివి. ఇప్పుడు నేను గెస్ట్ రూమ్‌లో పాత పేపర్ల మీద ముక్కలు పేర్చి, "ఎవరూ తాకకండి" అన్నాను. ఆవిడకి మింగుడుపడలేదు. "ఆవకాయే మూడోనాటికి తిరగకలిపి వడ్డించేస్తాం. స్నానం సబ్బుకి నెల మడా?" పనమ్మాయి రోజూ ఊడ్వడానికి వచ్చి, "ఇంకా ఆరలేదా మేడమ్? మార్ట్‌లో రెడీగ దొర్కుతయ్ కదా" అని ఓదార్చేది. ముక్కల మీద తెల్లగా సన్నటి పొడి పేరుకుంటే మా ఆయన బూజు అన్నారు. అది సోడా యాష్, గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగిలి ఏర్పడుతుంది, కడిగితే పోతుంది. చెప్పాను. "బూజు పట్టినా నువ్విలాగే చెప్తావు" అన్నారు.

మాగేలోపు ఆ ఎరుపు తగ్గి నారింజ రంగులోకి దిగింది. మొదటి స్నానం ఎవరు చేయాలన్న దగ్గర ఇంట్లో అందరికీ ఒకేసారి ఒకరి మీద ఒకరికి మర్యాద పుట్టుకొచ్చింది. చివరికి నేనే చేశాను. మంజీరా నీళ్లొచ్చిన రోజు నురగ చక్కగా వచ్చింది, ఒళ్లు మెత్తగా ఉంది. బోరు నీళ్ల రోజున మాత్రం నురగ తక్కువ, బకెట్ అంచున తెల్లటి తెట్టు ఎక్కువ. నీళ్లలో కాల్షియం ఉంటే ఏ సబ్బుకైనా ఇదే గతి, కానీ ఆ రోజు స్నానం చేసింది మా ఆయన కాబట్టి తప్పు నా సబ్బుదే అయింది. ఆయన తెల్ల తువ్వాలుకి కాస్త పసుపు కూడా అంటింది. తర్వాత పసుపు సబ్బు ఒంటికి గానీ తెల్ల తువ్వాలుకి కాదని ఒప్పందం చేసుకున్నాం.

బంధువులకి పంచాను. సగం మంది వాటిని బీరువాలో చీరల మధ్య పెట్టుకున్నారు, వాసన బాగుందట. ఒకరు గిన్నెలు తోమి జిడ్డు బాగా వదిలిందన్నారు. వాడి చూసి ఫోన్ చేసింది ఒక్క రాజమండ్రి ఆడపడుచే.

"అమ్మ చేసిన సబ్బు చాలా బాగుంది వదినా. కవ్వంతో చిలికి చేసిందటగా! నువ్వు కూడా దగ్గరుండి సాయం చేశావట."

గ్లౌజులు అందించానని చెప్పాను.