మా ఇద్దరి ఉత్తరాలూ ఒక్కచోట

నా స్నేహితురాలు పోయిన మూడు నెలలకి వాళ్ళమ్మాయి ఒక పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. ఇరవై ఆరేళ్ళుగా నేను తనకి రాసిన ఉత్తరాలన్నీ అందులో ఉన్నాయి. తను నాకు రాసినవి నా బీరువాలో ఉన్నాయి. తను కవి, నేను కథలు రాస్తాను. "రెండూ కలిపి పుస్తకం వేద్దాం పిన్నీ" అంది ఆ అమ్మాయి.

ముందు తేదీల దగ్గరే చిక్కుపడ్డాను. తను తేదీ వేసేది కాదు. "మంగళవారం, నిద్ర పట్టని రాత్రి" అని రాసి ఊరుకునేది. కవరు దొరికినవాటికి పోస్టు ముద్ర చూశాను. కానీ ఆ ముద్ర చెప్పేది పోస్టులో పడిన రోజు, రాసిన రోజు కాదు. రాసిన ఉత్తరాన్ని వారం రోజులు సంచీలోనే మోసే మనిషి తను. కవర్లు లేనివాటికి నా జవాబులే దారి చూపాయి, తన మాటని ఎత్తి రాసి బదులివ్వడం నా అలవాటు గనక. ఒకదాంట్లో "నిన్నటి చంద్రగ్రహణం చూశావా?" అని ఉంది. గ్రహణాల పట్టిక ముందేసుకుని ఆ రోజేదో పట్టుకున్నాను. తను పక్కనుంటే ఎగిరి చెప్పేదాన్ని!

తుప్పుపట్టిన గుండుసూదులు తీసేశాను. చిరుగులకి సెలోటేప్ వేయలేదు. ఆ జిగురు కొన్నేళ్ళకి పసుపెక్కి కాగితాన్నే పాడుచేస్తుంది. కాగితం ముందు తెగేది మడత దగ్గరే, అందుకే అన్నీ విప్పి, పరిచి, ఎండ తగలని చోట దాచాను. తర్వాత 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో, స్కానింగ్.

టైపు చేయడమే కష్టమైంది. నా కథనొకదాన్ని తను చీల్చి చెండాడిన ఉత్తరం ఒకటి ఉంది. దానికి హుందాగా జవాబిచ్చానని ఇన్నేళ్ళూ నమ్మాను. తీసి చూస్తే నాలుగు పేజీల కోపం. తన బదులు మాత్రం రెండే ముక్కలు: "కోపం తగ్గాక కథ మళ్ళీ చదువు. నేనూ చదివాను, మూడో పేజీ దగ్గర మళ్ళీ ఏడ్చాను." ఆ పూట ఇంక టైపు చేయలేకపోయాను.

ఇక అనుమతులు. కవి అలెగ్జాండర్ పోప్ ఉత్తరాల మీద 1741లో ఇంగ్లండులో నడిచిన కేసులో ఒక సూత్రం తేలింది: కాగితం అందుకున్నవాళ్ళది, అందులోని మాటలు రాసినవాళ్ళవి. కాపీరైటు విషయంలో ఇప్పటికీ లెక్క అదే. అంటే నా బీరువాలో ఉన్నా సరే, తన ఉత్తరాలు అచ్చు వేయాలంటే తన వారసురాలు ఒప్పుకోవాలి. అమ్మాయి వెంటనే సంతకం చేసింది. వేరేవాళ్ళ ఇంటి గొడవలున్న ఉత్తరాలు మూడు మాత్రం పక్కన పెట్టేశాం. వాళ్ళని అడగకుండా వేయడం నాకు ఇష్టం లేదు.

అంతా అయిందనుకున్నాక, అమ్మాయి నా కోపం ఉత్తరాన్ని ఊరికే తిరగేసింది. వెనకంతా పెన్సిల్‌తో కవిత చిత్తుప్రతి, కొట్టివేతలతో సహా. నేను ముందు వైపే స్కాన్ చేశాను. మళ్ళీ మొదటికొచ్చి ప్రతి కాగితం వెనక్కి తిప్పి చూశాం. ఇంకో పదకొండు దొరికాయి.

ఆ కాగితాలు తనవి. ముందు వైపు మాటలు నావి, వెనక వైపు తనవి. అందుకని ముందు వైపుకి నేను, వెనక వైపుకి అమ్మాయి అనుమతి రాశాం. పుస్తకంలో అవి రెండూ ఎదురెదురు పేజీల్లో వస్తాయి.